పడమటి బాల్కనీ ఉన్న హాల్లో ప్రొజెక్టర్: ఎన్ని ల్యూమెన్లు కావాలి?

గోదారిగట్టు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. కొండాపూర్‌లో కొత్త ఫ్లాట్‌లోకి వచ్చి మూడు నెలలైంది. హాలు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. మా పాత 43 అంగుళాల టీవీ ఆ గోడ మీద పెద్ద పళ్లెంలో అప్పడంలా ఉంది. అందుకని ప్రొజెక్టర్ మీద మనసు పడింది.

చిక్కల్లా బాల్కనీతోనే. పడమటి వైపు, నిలువెత్తు అద్దాల తలుపు. మధ్యాహ్నం మూడు దాటిందంటే ఎండ నేరుగా లోపలికొచ్చి సోఫాలో కూర్చుంటుంది. మా నాన్నగారు ఐపీఎల్లో మూడున్నర మ్యాచ్ ఒక్క బంతి కూడా వదలరు. ఇంకో సంగతి, మా ఇంట్లో సందెవేళ లైట్లు ఆర్పడమనేది ఉండదు. దీపం పెట్టే వేళకు ఇల్లంతా వెలగాల్సిందే. ఆ విషయంలో అమ్మతో బేరాలు నడవవు.

స్క్రీన్‌తో కలిపి రెండున్నర లక్షల దాకా పెట్టగలను. 120 అంగుళాలు కావాలని కోరిక. 3000 ల్యూమెన్లు (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుగు) చాలా, 4000 కావాలా? షాపులో అడిగితే "ల్యూమెన్లు ఎక్కువుంటే పగలైనా రాత్రైనా ఒకటే సార్" అన్నాడు. నిజమేనా?

చవకరాజు · శనివారం రాత్రి 10:05

అన్నా, ముందు నా కథ విను. నిరుడు దసరా ఆఫర్లో '10,000 ల్యూమెన్స్' అని రాసున్న బుల్లి ప్రొజెక్టర్ తొమ్మిది వేలకు తెప్పించా. ఫొటోలో పట్టపగలు, స్విమ్మింగ్ పూల్ పక్కన సినిమా చూస్తున్నారు. ఇంటికొచ్చాక ట్యూబ్‌లైట్ వేసి చూస్తే గోడ మీద బొమ్మ ఉందా లేదా అని మా ఆవిడా నేనూ పందెం వేసుకున్నాం. లైటు ఆర్పాక పర్లేదు, పిల్లలు సంబరపడ్డారు. ఇప్పుడు పుట్టినరోజులకు మాత్రం అటక మీంచి దించుతున్నాం.

తెరవెనక · ఆదివారం ఉదయం 7:15

చవకరాజు గారి పదివేలను అబద్ధమని కూడా అనలేం. ఏ కొలతో వాళ్లు రాయలేదు కదా! లోపల ఎల్‌ఈడీ దగ్గర పుట్టే వెలుతురు ఒకటి, లెన్సు దాటి తెరను చేరేది ఇంకొకటి. రెండోదాన్ని కొలవడానికి పద్ధతులున్నాయి. యాన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) పద్ధతిలో తెరను తొమ్మిది గళ్లు చేసి, ఒక్కో గడి మధ్యలో వెలుగు కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యంతో హెచ్చిస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వాళ్ల 21118 ప్రమాణం కూడా ఆ దారిలోదే. డబ్బా మీద 'యాన్సీ' అనో 'ఐఎస్ఓ' అనో లేకపోతే ఆ అంకెను వదిలేయండి. ఆ ధరలో వచ్చే బుల్లి ప్రొజెక్టర్లు నిజంగా ఇచ్చేది చాలాసార్లు రెండు మూడు వందలే.

నేను విజయవాడలో చాలా ఏళ్లుగా ఫంక్షన్ హాళ్లకూ బళ్లకూ చర్చిలకూ ప్రొజెక్టర్లు బిగిస్తున్నాను. ఇళ్ల పని ఈమధ్యే మొదలైంది. గోదారిగట్టు గారూ, మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాకు మూడు సంగతులు కావాలి. తెర ఏ గోడకు, బాల్కనీ దానికి ఎటు? లైట్లు ఎక్కడెక్కడున్నాయి? తెర వచ్చే చోట ఎంత వెలుతురు పడుతోంది? మూడోదానికి ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి; లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత. ఫోన్ వీపు గోడకు ఆనించి, ముఖం గదివైపు పెట్టి చదవండి. అటూ ఇటూ పదో పాతికో శాతం తేడా వస్తుంది, మన పనికి అది చాలు.

టీవీయేనయం · ఆదివారం ఉదయం 8:02

నా పేరు చూశారుగా. రెండున్నర లక్షలుంటే 98 అంగుళాల టీవీ వస్తోంది ఈ రోజుల్లో. పైగా పెద్ద టీవీల మీదా, ప్రొజెక్టర్ల మీదా జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం పోయి 18 అయింది. ఎండలో మ్యాచ్ చూడాలనుకునేవాడికి ప్రొజెక్టర్ ఎందుకండీ?

గోదారిగట్టు · ఆదివారం మధ్యాహ్నం 1:30

టీవీయేనయం గారూ, అదీ ఆలోచించాను. మా లిఫ్టులో పట్టదు. 98 అంటే టీవీయే ఏడడుగుల పైచిలుకు పొడవు, డబ్బా ఇంకా ఎక్కువ. మాది ఎనిమిదో అంతస్తు. మెట్ల మలుపులు కొలిచాను, నలుగురు మోసినా తిరగదు.

తెరవెనక గారూ, సోఫాలో కూర్చుంటే తెర ఎదురుగా, బాల్కనీ ఎడమ పక్కన, తెరకు ఆరడుగుల దూరం నుంచి మొదలు. ట్యూబ్‌లైట్లు రెండు: ఒకటి కుడి గోడకు, ఒకటి సోఫా వెనక గోడ మీద తెరకు ఎదురుగా. ఫాల్స్ సీలింగ్‌లో చుట్టూ కోవ్ లైటు (అంచుల్లో దాచిన దీపం). నిన్నా ఇవాళా కూర్చుని కొలిచింది ఇది:

సాయంత్రం నాలుగు, అంతా తెరిచి: 420 లక్స్
అదే వేళ, ఇప్పుడున్న పల్చటి కర్టెన్లు వేసి: 160
రాత్రి, రెండు ట్యూబులూ వేసి: 110
రాత్రి, కోవ్ లైటు ఒక్కటే: 25
సాయంత్రం నాలుగు, బాల్కనీ తలుపుకు రెండు రగ్గులు కట్టి: 12

రగ్గులు కట్టేటప్పుడు నాన్నగారు "ఎవరైనా పోయారా" అని అడిగారు.

తెరవెనక · ఆదివారం సాయంత్రం 5:45

రగ్గులదే ముఖ్యమైన అంకె, మంచి పని చేశారు.

ఇప్పుడు లెక్క తేలిక. ల్యూమెన్లను తెర వైశాల్యంతో భాగిస్తే ప్రొజెక్టర్ ఎన్ని లక్స్ వేస్తోందో వస్తుంది. 100 అంగుళాల తెర 2.76 చదరపు మీటర్లు, 120 అంగుళాలది దాదాపు 4. డబ్బా మీద 3000 అని ఉంటే, రంగులు సరిగా ఉండే సినిమా మోడ్‌లో 2000 వస్తే గొప్ప. మిగతాది డైనమిక్ మోడ్‌లోనే, అందులో అందరి ముఖాలూ పచ్చగా పాచిపట్టినట్టుంటాయి. కాబట్టి 2000 అనుకుందాం. 100 అంగుళాల మీద 725 లక్స్.

ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. మొత్తం చిక్కంతా ఇక్కడే ఉంది. నల్లగా ఉండాల్సిన చోట అది ఊరుకుంటుంది, అంతే. అప్పుడు అక్కడ కనిపించేది మీ గది వెలుతురు. అంటే మీ సినిమాలో హీరో జుట్టు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయించేది మీ బాల్కనీ. తెలుపు చోట 725కు గది వెలుతురు కలుస్తుంది, నలుపు చోట గది వెలుతురు ఒక్కటే. ఆ రెండింటి నిష్పత్తే మీకు దక్కే కాంట్రాస్టు.

మీ అంకెలతో: అంతా తెరిచి ఉంటే 2.7కు ఒకటి. దాన్ని బొమ్మ అనకూడదు. పల్చటి కర్టెన్లతో 5.5. ట్యూబులు వేస్తే 7.6. కోవ్ లైటుతో 30. రగ్గులతో 61.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. పల్చటి కర్టెన్లే ఉంచి ల్యూమెన్లు రెట్టింపు చేశారనుకోండి, డబ్బా 6000 అన్నమాట, 5.5 కాస్తా 10 అవుతుంది. అదే పాత ప్రొజెక్టర్‌కు దళసరి కర్టెన్ వేస్తే 61. మొదటిదానికి లక్షలు, రెండోదానికి వేలు. 120 వద్దంటాను కూడా. అదే వెలుగు 4 చదరపు మీటర్ల మీద పరిస్తే 725 కాస్తా 500 అవుతుంది. 100 తీసుకోండి.

పాతరీలు · ఆదివారం రాత్రి 8:20

ఈ చర్చ చూస్తే నవ్వొచ్చింది. నేను కుర్రతనంలో తెనాలి దగ్గర టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్‌కు చేతికింద పనిచేశాను. డేరా గుడ్డలోంచి వెలుతురు వస్తుంది కనక చీకటి పడందే మొదటి ఆట పడేది కాదు. వేసవిలో జనం ఏడింటికే వచ్చి కూర్చుని ఈలలు వేస్తుంటే మా ఓనరు ఆకాశం వైపు చూస్తూ నిలబడేవాడు. మెషీన్‌లో కార్బన్ కడ్డీలు మండేవి, కళ్లు పోయేంత వెలుగు. అంత వెలుగున్నా సూర్యుడితో పెట్టుకోలేదు మేము.

తర్వాత పెద్ద హాల్లో చేరినప్పుడు తెలిసింది. తెర మధ్యలో 16 ఫుట్‌ల్యాంబర్ట్‌లు (తెర నుంచి కంటికి వచ్చే వెలుగు కొలత) ఉండాలనేది ఫిల్ము రోజుల లెక్క. డిజిటల్ వచ్చాక 14, అంటే ఇప్పటి కొలతలో 48 నిట్లు. తెరవెనక బాబు లెక్క ప్రకారం అది 100 అంగుళాలకు ఎన్ని ల్యూమెన్లవుతుందో చెప్పు బాబూ.

తెరవెనక · ఆదివారం రాత్రి 8:41

మాస్టారూ, మంచి పాయింటు పట్టారు. మామూలు తెల్ల తెర మీద 48 నిట్లు రావాలంటే సుమారు 150 లక్స్ పడాలి. 2.76తో హెచ్చిస్తే 415 ల్యూమెన్లు. థియేటర్లో మనం చూసే వెలుగు, మన ఇంటి తెర సైజులో, చిమ్మచీకట్లో, 415తో వచ్చేస్తుంది. దానిపైన మనం కొనే ప్రతి ల్యూమెనూ గది వెలుతురుతో కుస్తీ పట్టడానికే.

చవకరాజు · ఆదివారం రాత్రి 8:50

అంటే నా పదివేల ల్యూమెన్ల యంత్రం థియేటర్‌లో సగమైనా ఉందన్నమాట. రేపు మా ఆవిడకు చెప్తా.

డాలస్‌బావ · సోమవారం ఉదయం 6:10

ఇక్కడి బాధ వేరు. మన ఏడున్నర మ్యాచ్ మాకు పొద్దున తొమ్మిదింటికి, అదీ వేసవి టైములో. ఎండాకాలం సాయంత్రం ఎనిమిదిన్నర దాకా పొద్దు గుంకదు. పిల్లల్ని కూర్చోబెట్టి ఏడింటికి తెలుగు సినిమా పెడదామంటే పట్టపగలే. మేడ మీద కిటికీల్లేని మీడియా రూమ్ ఉంది కానీ అక్కడికి ఎవరూ ఎక్కరు, జనమంతా కిందే.

నాది అల్ట్రా షార్ట్ త్రో, ఎప్సన్ ఎల్‌ఎస్800, 4000 ల్యూమెన్లు. గోడకు జానెడు దూరంలో టీవీ స్టాండ్ మీద కూర్చుంటుంది. పైనుంచి దిగే వెలుతురును ఆపే సీఎల్‌ఆర్ తెర వేశాను. లైట్లు వేసినా క్రికెట్ హాయిగా చూస్తున్నాం. గోదారిగట్టు బ్రో, నా ఓటు దీనికే.

తెరవెనక · సోమవారం ఉదయం 9:30

డాలస్‌బావ గారిది మంచి సెట్టింగే, కాదనను. కానీ ఆ తెర పనిచేసే తీరు తెలుసుకోవాలి. దాని మీద సన్నటి అడ్డగీతలుంటాయి, రంపపు పళ్లలాగా. పంటి కింది వైపు తెల్లగా ఉండి, కిందనుంచి వచ్చే ప్రొజెక్టర్ వెలుగును మన వైపు తిప్పుతుంది. పై వైపు నల్లగా ఉండి సీలింగ్ లైటును మింగుతుంది. బావగారి గదిలో లైట్లన్నీ కప్పులో ఉన్నాయేమో, అందుకే అంత హాయి. గోదారిగట్టు గారికి ముప్పు ఎడమ పక్కనుంచి. పక్క నుంచి వచ్చేదాన్ని ఆ తెర అంతగా ఆపదు.

ఇంకో సంగతి, షార్ట్ త్రోకు తెర అద్దంలా చదునుగా ఉండాలి. వెలుగు ఏటవాలుగా గీసుకుంటూ పోతుంది కనక చిన్న ముడత ఉన్నా బొమ్మలో అల కనిపిస్తుంది. పైకి చుట్టుకునే మామూలు తెరలు దానికి పనికిరావు. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ గాలికి తెర ఊగుతుంది కూడా, కోచ్ టీవీలో నడుస్తుంటే పడవలో పోతున్నట్టుంటుంది.

డాలస్‌బావ · సోమవారం రాత్రి 7:55

ఒప్పుకుంటున్నా. మా కిటికీ కూడా పక్కనే, దానికి బ్లైండ్స్ వేశాకే ఈ హాయి. ఆ ముక్క రాయడం మర్చిపోయా.

నీలిమ_రంగులు · సోమవారం రాత్రి 9:12

నేను పెళ్లిళ్ల ఫొటో ఆల్బమ్‌లకు రంగులు దిద్దే పని చేస్తాను, కనక రంగుల గురించి ఒక్క మాట. ఇప్పటిదాకా అందరూ మాట్లాడింది తెలుపు వెలుగు. ఒకే చిప్పు ఉన్న డీఎల్‌పీలు (చిప్పు మీది బుల్లి అద్దాలతో పనిచేసే ప్రొజెక్టర్లు) చాలావరకు రంగుల చక్రం తిప్పి బొమ్మ వేస్తాయి. వెలుగు ఎక్కువ చూపించడానికి కొన్నింటి చక్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలంతోపాటు ఒక తెల్ల ముక్క కూడా పెడతారు. కొలిచేది తెలుపునే కనక ల్యూమెన్ల అంకె పెరుగుతుంది, రంగులు మాత్రం వెనకబడతాయి. క్రికెట్‌లో తేలిగ్గా దొరికిపోతుంది: చెన్నై వాళ్ల పసుపు జెర్సీ ఆవపిండి రంగులోకి దిగిపోతుంది, స్కోరు పట్టీలో తెల్ల అంకెలు మాత్రం తళతళలాడతాయి. వెలుతురున్న గదిలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది.

3ఎల్‌సీడీలో (మూడు ఎల్‌సీడీ పలకల ప్రొజెక్టర్లో) మూడు రంగులూ ఒకేసారి పడతాయి, తెలుపు వెలుగూ రంగుల వెలుగూ సమానం. మీ గదికి నేనైతే అదే చూస్తాను.

తెల్లచక్రం · సోమవారం రాత్రి 10:01

మేడమ్, డీఎల్‌పీని మరీ అంత తీసిపారేయకండి. తెల్ల ముక్క లేని చక్రాలున్నాయి. మూడు లేజర్ల డీఎల్‌పీలకైతే చక్రమే ఉండదు. నాది బెన్‌క్యూ టీకే700, 3200 ల్యూమెన్లు. గేమ్ ఆడితే చేతికీ తెరకూ మధ్య ఆలస్యమే తెలీదు. బొమ్మ పదును చూస్తే ఎల్‌సీడీ పక్కన కూడా నిలబడలేదు. పైగా చాలా డీఎల్‌పీల్లో బొమ్మ తయారయ్యే భాగానికి సీలు వేసి ఉంటుంది, దుమ్ము అంత తేలిగ్గా పోదు. ఎల్‌సీడీకి ఫిల్టర్ కడుక్కోకపోతే ఓ మూల మచ్చ వస్తుంది. హైదరాబాద్ దుమ్ము సంగతి చెప్పాలా?

నీలిమ_రంగులు · సోమవారం రాత్రి 10:20

టీకే700 వాడలేదు, దాని గురించి మాట్లాడను. దుమ్ము మాట నిజమే. ఆట ఆడేవారికి డీఎల్‌పీ బాగుంటుందనీ ఒప్పుకుంటాను. వీరింట్లో ఆడేవాళ్లు తెర లోపల ఉన్నారు కదా! ఇంకొకటి, కొందరికి రంగుల చక్రం వల్ల తల తిప్పినప్పుడు అక్షరాల అంచుల్లో హరివిల్లు మెరుస్తుంది. అందరికీ కనిపించదు. నాకు కనిపిస్తుంది, అరగంటలో తలనొప్పి. కొనేముందు నాన్నగారినీ అమ్మగారినీ తీసుకెళ్లి చూపించండి.

టీవీయేనయం · మంగళవారం ఉదయం 7:48

సోనీ ఎక్స్‌డబ్ల్యూ5000 లాంటి ఖరీదైనదానికి కూడా 2000 ల్యూమెన్లే కదా? మరి అంత డబ్బెందుకు?

తెరవెనక · మంగళవారం ఉదయం 8:30

ఆ డబ్బు నలుపుకోసం. చీకటి గదిలో అది వేసే నలుపు చూస్తే ఇక వేరేది నచ్చదు. దాన్ని తెచ్చి ఈ హాల్లో ట్యూబ్‌లైట్ కింద పెడితే ఆ నలుపంతా గంగలో కలిసినట్టే. ధర పెరిగేకొద్దీ వెలుగు పెరుగుతుందనుకోవడం పొరపాటు.

ఇల్లుకొత్త · మంగళవారం మధ్యాహ్నం 12:15

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. స్క్రీన్ కొనకుండా గోడకు బూడిదరంగు పెయింట్ వేస్తే వెలుతురు ఆగుతుందట కదా? యూట్యూబ్‌లో చూశాను. పెయింట్ డబ్బా ఎనిమిది వందలు.

తెరవెనక · మంగళవారం మధ్యాహ్నం 2:40

ఆగదండీ. బూడిదరంగు గోడకు ఏ వెలుగు ఎటునుంచి వచ్చిందో తెలీదు. గది వెలుతురును ఎంత తగ్గిస్తుందో ప్రొజెక్టర్ వెలుగునూ అంతే తగ్గిస్తుంది. నిష్పత్తి మారదు. నలుపు కాస్త నల్లబడ్డట్టు కంటికి అనిపిస్తుంది, తెలుపూ దాంతోపాటే మాసిపోతుంది. చీకటి గదిలో తెల్ల గోడల నుంచి తిరిగి తెర మీదికి వచ్చే వెలుగును మాత్రం కొంత తగ్గిస్తుంది, ఆ మేరకు లాభం.

మామూలు ప్రొజెక్టర్లకు వాడే, గది వెలుతురును తప్పించే ఏఎల్‌ఆర్ తెరలు బూడిదగా కనిపిస్తాయి కానీ వాటి పని రంగుతో కాదు, దిక్కుతో. ఎదురుగా పైనుంచి వచ్చే ప్రొజెక్టర్ వెలుగును సోఫా వైపు పంపి, పక్కనుంచి వచ్చేదాన్ని అవతలి పక్కకు నెట్టేస్తాయి. గోదారిగట్టు గారి బాల్కనీ పక్కన ఉండటం అదృష్టం. అదే సోఫా వెనక ఉండుంటే తెరకు ప్రొజెక్టర్‌కూ కిటికీకీ తేడా తెలిసేది కాదు. దానికీ ఓ జబ్బుంది. పక్కన కూర్చున్నవాళ్లకు బొమ్మ డల్‌గా కనిపిస్తుంది, నాసిరకం తెరల్లో నడిమధ్య ఓ వెలుగుమచ్చ తేలుతుంది. చిన్న ముక్క శాంపిల్ అడిగి తెచ్చుకుని గోడకు అతికించి చూశాకే కొనండి.

పాతరీలు · మంగళవారం రాత్రి 8:05

మీరంతా తెర గురించి మాట్లాడుతున్నారు, నేను దీపం గురించి మాట్లాడతాను. గోదారిగట్టు బాబూ, మీ అమ్మగారు ఇల్లు వెలగాలన్నారు గానీ తెర వెలగాలనలేదు కదా! సోఫా వెనక, తెరకు ఎదురుగా ఉన్న ట్యూబే మీ దొంగ. దాన్ని తీసేయండి. కుడి గోడదాన్ని కూడా తీసి, దేవుడి గది వైపూ భోజనాల బల్ల మీదా కిందికి మాత్రమే వెలుగు వేసే దీపాలు పెట్టించండి. హాలు వెలుగుతూనే ఉంటుంది. థియేటర్లో మెట్ల పక్కన చిన్న దీపాలు ఎందుకు కిందికి తిప్పి పెడతారనుకున్నారు?

గోదారిగట్టు · మంగళవారం రాత్రి 9:30

బాబాయ్‌గారూ, ఈ ముక్క అమ్మకు చదివి వినిపించాను. "ఆయనెవరో బుద్ధిమంతుడు" అంది.

మోడరేటర్ · బుధవారం ఉదయం 10:00

ఈ చర్చలో ఒక సభ్యుడు ఫోన్ నంబరు పెట్టి 'బిల్లు లేకుండా తక్కువకిస్తా' అని రాసిన సందేశాన్ని తీసేశాం. బిల్లు లేకపోతే వారంటీ ఉండదు, మళ్లీ ఇక్కడికొచ్చి ఏడవకండి.

గోదారిగట్టు · శనివారం రాత్రి 8:45

ఇవాళ నాన్నగారితో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే సీటీసీ వైపు వెళ్లి రెండు మూడు చోట్ల చూశాం. అన్నిచోట్లా డెమో చీకటి గదిలోనే. ఓ చోట "లైట్లు వేయండి" అంటే స్విచ్ దొరకడం లేదన్నాడు. నాన్నగారు లేచి తలుపు బార్లా తీశారు. బొమ్మ వెలిసిన చీరలా అయిపోయింది. ఇంకోచోట మాత్రం ఓ కుర్రాడు ఓపిగ్గా లైటు వేసి, మోడ్‌లు మార్చి, మ్యాచ్ హైలైట్లు పెట్టి చూపించాడు. అమ్మకు హరివిల్లు కనిపించలేదు కానీ నాన్నగారికి కనిపించింది: "అక్షరాలకు రంగు తోకలున్నాయేంట్రా" అన్నారు. డీఎల్‌పీ కథ అక్కడితో అయిపోయింది.

ఇక మిగిలింది 3ఎల్‌సీడీ. ల్యాంపుదా లేజర్‌దా?

తెరవెనక · ఆదివారం ఉదయం 7:20

లేజర్ 20,000 గంటలంటారు, వెలుగు సగానికి పడిపోయే దాకా. రోజుకు నాలుగు గంటలైతే పదమూడేళ్లు దాటుతుంది. ల్యాంపు మామూలుగా నాలుగైదు వేల గంటలు, అందులోనూ కొత్తలోనే మెరుపు కాస్త దిగిపోతుంది. చీకటి గదికైతే అది పట్టించుకోను. మీలాంటి గదిలో ఏడాది తిరిగేసరికి కనిపిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగి ల్యాంపు వేడి లోపలే ఉండిపోవడం కూడా మంచిది కాదు. డబ్బు సరిపోతే లేజర్, సరిపోకపోతే ల్యాంపుదే తీసుకుని చిన్న యూపీఎస్ పెట్టండి.

కొనే ముందు ఇంకోటి కొలవండి: సీలింగ్ ఫ్యాన్ ఎక్కడుంది?

గోదారిగట్టు · ఆదివారం ఉదయం 9:05

అయ్యో. హాలు నట్టనడుమ, తెరకు తొమ్మిదడుగుల దూరంలో.

తెరవెనక · ఆదివారం ఉదయం 9:22

నేననుకున్నదే. నాలుగడుగుల ఫ్యానైతే రెక్కలు ఏడు నుంచి పదకొండు అడుగుల దాకా తిరుగుతాయి. చాలా ప్రొజెక్టర్లు 100 అంగుళాలకు పది, పదకొండు అడుగుల దగ్గరే కూర్చుంటాయి. రెక్క అడ్డొస్తే బొమ్మ కొట్టుకుంటుంది. 12 అడుగుల దగ్గర, రెక్కల కంటే లెన్సు అరడుగు కిందికి వచ్చేలా రాడ్డు పెట్టించండి. ఆ దూరానికి జూమ్ సరిపోయేది, లెన్స్ షిఫ్ట్ (యంత్రాన్ని వంచకుండా బొమ్మను జరిపే వీలు) ఉన్నది ఎంచుకోండి. జూమ్ బిగించేకొద్దీ కొంత వెలుగు తగ్గుతుంది, భరించాలి. బొమ్మ వంకరను కీస్టోన్ నొక్కి సరిచేస్తే మాత్రం తెర చుట్టూ వెలుగూ చుక్కలూ వృథా. దాన్ని ముట్టుకోవద్దు.

గోదారిగట్టు · మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:30

ఆలస్యానికి మన్నించండి. కార్పెంటరు, ఎలక్ట్రీషియను, కర్టెన్ల ఆయన ఒకరికొకరు పడరు. ముగ్గురూ ఒకేరోజు రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

ముందు కర్టెన్లు వేయించాను, ప్రొజెక్టర్ బుక్ చేయకముందే. మూడు పొరల బ్లాక్అవుట్ గుడ్డ. మొదటిరోజు 12 వస్తుందనుకుంటే 48 వచ్చింది. చూస్తే కర్టెన్ రాడ్డు పైన సందు, పక్కన గోడకూ గుడ్డకూ మధ్య బెత్తెడు ఖాళీ. ఆ సందులోంచి పడమటి ఎండ ఫాల్స్ సీలింగ్ మీద పడి, అక్కడినుంచి తెర మీదికి దిగుతోంది. పైన పెల్మెట్ కట్టించి, పక్క అంచులకు వెల్‌క్రో పెట్టించాక 15కు వచ్చింది. నేల మీద మెరిసే టైల్స్ కూడా అద్దంలా పనిచేస్తున్నాయి, తెర ముందు పాత జంపఖానా పరిచాం. తెర ఉన్న గోడకు, కప్పులో మొదటి మూడడుగులకు ముదురు రంగు వేద్దామంటే "ఇంటికి నలుపేమిటి" అని అమ్మ అడ్డం పడింది. నెమలికంఠం రంగు దగ్గర రాజీ కుదిరింది.

ట్యూబులు రెండూ పోయాయి. పాతరీలు బాబాయ్ చెప్పినట్టు దేవుడి గది ముందు రెండు, బల్ల మీద ఒకటి, సోఫా పక్కన గొడుగు దీపం ఒకటి. అన్నీ వెలిగినా తెర దగ్గర 30 లక్సే. పాత 110తో పోలిస్తే నమ్మలేకపోయాను.

కొన్నది 3ఎల్‌సీడీ లేజర్, డబ్బా మీద 3000 చిల్లర. 100 అంగుళాల ఫ్రేమ్ తెర, ఏఎల్‌ఆర్. శాంపిల్ ముక్కలు అడిగితే రెండు చోట్ల విసుక్కున్నారు, మూడో చోట ఇచ్చారు. పాత టీవీ నాన్నగారి గదిలోకి వెళ్లింది, పొద్దుటి వార్తలు అక్కడే. టీవీయేనయం గారు సగం గెలిచినట్టే.

ఇబ్బందులూ ఉన్నాయి. అమ్మ కుర్చీ గోడవారగా ఉండేది, అక్కడినుంచి తెర అవతలి సగం మసకగా కనిపించింది. కుర్చీ రెండడుగులు లోపలికి జరిపాం, ఇప్పుడు అందరూ దాన్ని తట్టుకుని పడుతున్నారు. హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడా ఎక్కువ చూపే మోడ్) పెడితే రాత్రి సీన్లు గుడ్డిగా ఉన్నాయి. వెలుతురు ఉన్నప్పుడు మామూలు ఎస్‌డీఆర్‌లో పెట్టి, గామాను (నడిమి ఛాయలు ఎంత వెలుగ్గా ఉండాలో చెప్పే సెట్టింగు) 2.4 నుంచి 2.0కు దించితే ముఖాలు తేలాయి. ఫోన్‌లో ఈ చిట్కా చెప్పిన తెరవెనక గారికి థాంక్స్.

ఇవాళ మూడున్నర మ్యాచ్. కర్టెన్లు మూసి, జంపఖానా మీద పిల్లలు, సోఫాలో నాన్నగారు. గ్రౌండు పచ్చగా, పసుపు పసుపుగానే ఉంది నీలిమ గారూ. ఆరు దాటాక అమ్మ లేచి లైట్లు వేసింది. నాన్నగారు తల తిప్పలేదు. పదహారో ఓవరు నడుస్తోంది.

నీలిమ_రంగులు · ఆదివారం రాత్రి 10:44

చాలా సంతోషం. వెల్‌క్రో ఆలోచన నేను కాపీ కొడుతున్నా.

చవకరాజు · ఆదివారం రాత్రి 10:50

అన్నా, పెల్మెట్‌కు ఎంతైంది? నా పదివేలదానికి కూడా కట్టిద్దామని.

డాలస్‌బావ · సోమవారం ఉదయం 6:30

బ్రో, ఒక్క హెచ్చరిక. మా అత్తగారింట్లో చూశా, ప్రొజెక్టర్ వెలుగుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం బల్లి వస్తుంది.

గోదారిగట్టు · సోమవారం రాత్రి 9:15

ఆలస్యంగా చెప్పారు బావగారూ. ఇందాకే లెన్సు మీదికి ఎక్కింది. తెర మీద ఆరడుగుల బల్లి నీడ, కింద స్కోరు పట్టీ. పిల్లలు సోఫా ఎక్కారు, అమ్మ "ఏ దిక్కున పాకింది, పంచాంగం తేరా" అంది. దాన్ని లెన్సుకు గీత పడకుండా ఎలా దింపాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంకా అక్కడే ఉంది.